జిమ్నీ, గాలాలు, కొండదారులు: చాలాకాలం వాడాక చెబుతున్న మాట

మారుతి వాళ్ల చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి జిమ్నీ కొనమంటావా అని బెంగళూరులో మనవాళ్లు ఎవరడిగినా నేను ఎదురు అడిగేది ఒక్కటే. బండికి ఎంతమంది ఎక్కుతారు? ఇద్దరైతే కళ్లు మూసుకుని కొనమంటాను. మట్టిదారి పట్టి ఏటి ఒడ్డుకి చేరి, టెంట్ వేసుకుని, తెల్లారగట్ల గాలం వేసే పనికి ఈ ధరలో ఇంతకంటే హాయైన బండి నాకు కనపడలేదు. నలుగురూ ఎక్కి, సామానంతా అందులోనే సర్ది, హిమాలయాలకు పోదామంటే మాత్రం వద్దంటాను. ఆ లెక్క కుదరదు, అది బరువు లెక్క.

2023 జూన్‌లో వచ్చిన ఈ ఐదు తలుపుల మోడల్ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు. మనుషులు, సామాను అన్నీ ఎక్కాక ఉండదగ్గ మొత్తం బరువు 1,545. అంటే మన చేతిలో ఉన్నది 340 కిలోల చిల్లర. మా గుంపులో బిర్యానీకి వెనకాడేవాళ్లు లేరు కాబట్టి మనిషికి 78 కిలోలు వేసుకోండి, నలుగురికే 312 అయిపోతుంది. మిగిలిన దాంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి పెడితే టెంట్‌కి చోటు లేనట్టే. డిక్కీ 208 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 332. సీట్లు మడిచారంటే మళ్లీ ఇద్దరే. ఎటు తిప్పినా ఇద్దరి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

అందుకే మా ట్రిప్ ప్లాన్ ఊరి పేరుతో మొదలవదు, బండికి ఇద్దరు అన్న మాటతో మొదలవుతుంది. ఆరుగురం వెళ్తే రెండు జిమ్నీలు, ఒక మహీంద్రా థార్. ఎవరి బ్యాగు ఎంత తూగుతుందో వాట్సాప్ గ్రూపులో ముందే రాయాలి. "రాయాలా మామా, ఇదేమైనా విమానమా?" అని మొదట్లో అందరూ నవ్వారు. ఒకడు ఐదు కిలోల ఆవకాయ జాడీతో దిగాక, జాడీ వదలాలా వాణ్ణి వదలాలా అని మారతహళ్లి సర్వీస్ రోడ్డు మీద ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. జాడీ గెలిచింది, వాడి బూట్లు ఒక జత ఇంటికెళ్లాయి.

మేం గాలాలతో వెళ్లేది హిమాచల్‌కి. ఇంత దూరం ఎందుకు, దగ్గర్లో ఏరు లేదా అనొచ్చు. ఒకప్పుడు బెంగళూరు నుంచి చేపల వేట అంటే కావేరే. భీమేశ్వరి, గాలిబోరె క్యాంపులకు మహసీర్ అనే పెద్ద ఏటి చేప కోసం విదేశాల నుంచి కూడా వచ్చేవాళ్లు. అభయారణ్యం లోపల గాలం వేయడం ఆగిపోయి పదేళ్లు దాటింది. అక్కడి మూపురపు మహసీర్‌ని 2018లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. ఆగడమే మంచిదని నా అభిప్రాయం. మట్టిదారి, చల్లటి ఏరు, చట్టప్రకారం దొరికే లైసెన్స్, ఈ మూడూ ఒకేచోట కావాలంటే మాకు కుదిరింది హిమాచల్‌లో రోహ్రూ వైపు. పబ్బర్ నదిలో చల్లటి నీళ్లలో బతికే ట్రౌట్ చేప ఉంది. పైన లారోట్ మీదుగా చాన్షల్ కనుమ దాటితే డోడ్రా, క్వార్ ఊళ్లు.

అక్కడిదాకా నడపడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. 44వ జాతీయ రహదారి మీద అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, నాగపూర్ దాటుకుంటూ ఢిల్లీ దాకా సాగదీసిన రోడ్డు. ఐదు గేర్లే కాబట్టి వంద దాటితే ఇంజన్ గోల మొదలవుతుంది, 90 దగ్గర ఉంచితే అందరికీ సుఖం. 40 లీటర్ల ట్యాంకు హైవే మీద 550 కిలోమీటర్ల దాకా లాగుతుంది. సెలవు తక్కువ ఉన్నవాళ్లు చండీగఢ్‌కి విమానంలో వచ్చి కలుస్తారు. వాళ్లని దారి పొడవునా తిట్టుకోవడం మాకో కాలక్షేపం.

ఈ బండి అసలు విలువ ఖడాపత్థర్ దాటి రోహ్రూలోకి దిగుతున్నప్పుడు తెలుస్తుంది. సెప్టెంబర్ అంటే అక్కడ యాపిల్ కాలం. అట్టపెట్టెలు కొండలా కట్టుకున్న లారీలు, పికప్‌లు ఎదురొస్తూనే ఉంటాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. లారీ డ్రైవర్ చెయ్యి బయటపెట్టి వేళ్లు ఆడిస్తాడు, వెనక్కి పో అని. జిమ్నీ వెడల్పు 1,645 మిల్లీమీటర్లే. అద్దాలు రెండూ మడిచి, ఎడమ చక్రాలు కాలవగట్టు మీదికి ఎక్కించి నిలబెడితే లారీ పక్కనుంచి వెళ్లిపోతుంది. పెట్టె మూల కిటికీకి జానెడు దూరంలో జరుగుతుంటే లోపల కూర్చున్నవాడికి యాపిల్ వాసన వస్తుంది, గుండె మాత్రం నోట్లోనే ఉంటుంది. మా వెనక వచ్చే థార్ అదే చోట రెండు మలుపులు వెనక్కి పోవాల్సి వచ్చింది.

లారోట్ దాటాక మేము చూసిన దారి చాలావరకు రాయీ మట్టే. కనుమ ఎత్తు సుమారు 3,750 మీటర్లు. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌కి ఇక్కడే తిప్పలు. ఆ ఎత్తున గాలి పలచబడి, సముద్రమట్టం దగ్గర ఇచ్చే శక్తిలో దాదాపు మూడోవంతు పోతుంది. అసలే 134 న్యూటన్ మీటర్ల టార్క్, అందులో మూడోవంతు కోత. మామూలు గేర్లలో మెలిక మలుపు తిరిగితే ఇంజన్ ముక్కుతుంది. నాలుగు చక్రాలకీ నెమ్మదిగా, ఎక్కువ బలం అందించే 4ఎల్ గేర్‌లో వేస్తే కథ మారిపోతుంది. మొదటి గేర్‌లో యాక్సిలరేటర్ దాదాపు తొక్కకుండానే రాళ్ల మీద నింపాదిగా ఎక్కుతుంది. 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ కాగితం మీద గొప్పగా కనిపించదు గానీ, బండి తేలిక కాబట్టి ఎక్కడా కూరుకుపోలేదు. ఒక చక్రం గాల్లోకి లేస్తే దానికి బ్రేక్ వేసి, రెండోదానికి శక్తి పంపే ఏర్పాటుంది. అది పనిచేసేటప్పుడు కిందనుంచి కటకట చప్పుడొస్తుంది. కొత్తవాళ్లకి ఏదో విరిగిందేమో అని టెన్షన్, కంగారు పడక్కర్లేదు.

టైర్ల గాలి మాత్రం తప్పనిసరిగా దించాలి. మట్టి మొదలయ్యే చోట మేం 18 పీఎస్ఐకి దించుతాం. బండి కుదుపు సగం తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు నింపాలి కాబట్టి కంప్రెసర్ కావాలి. డాష్‌బోర్డ్ సాకెట్ 120 వాట్లకు మించి మోయదు. ఎస్పీ రోడ్డులో చౌకగా దొరికినదాన్ని అందులో పెడితే రెండో టైరుకే ఫ్యూజ్ పోయింది. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకం కొనుక్కోండి.

బండి సామాన్ల కొట్లుండే జేసీ రోడ్డుకి వెళ్తే బంపర్ ముందు బిగించే ఇనుప కడ్డీ, అదే బుల్‌బార్, అంటగడతారు. 2017 చివర్లోనే కేంద్రం వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది, పైగా ముందు ఇరవై ముప్పై కిలోల బరువు. పైకప్పు మీద పెట్టే టెంట్ కూడా నేను వద్దంటాను. అరవై కిలోలు నడినెత్తిన పెట్టుకుంటే పక్కవాలులో బండి ఊగే తీరే మారిపోతుంది. నేల మీద వేసే ఇద్దరి టెంట్ మూడు కిలోల్లో వస్తుంది. నేను డబ్బు పెట్టింది బండి అడుగున బిగించే ఇనుప పలకలకి, ఇరుక్కున్న బండిని లాగే రెండు మంచి తాళ్లకి మాత్రమే.

డిక్కీ మన పోపులపెట్టెలాగా సర్దుకోవాలి, ప్రతిదానికీ దాని గిన్నె. గాలపు రాడ్లు ఏడడుగులవైతే నాలుగు ముక్కలుగా విడిపోయేవే తీసుకోండి. రెండు ముక్కలవి సీట్ల మధ్య అడ్డం పడి ఎవడి మోచేతికో తగులుతూ ఉంటాయి. ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి వెనక సీటు వారన కడతాం. రీళ్లు వేరే, బట్టల్లో చుట్టి.

లైసెన్స్ రాష్ట్ర మత్స్యశాఖ దగ్గర తీసుకోవాలి, ఖరీదు పెద్దగా ఉండదు. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట బంద్, అది గుడ్లు పెట్టే కాలం. జూన్, జులైల్లో మంచు కరిగి నీళ్లు బూడిదరంగులో ఉంటాయి, స్పిన్నర్ (నీళ్లలో తిరుగుతూ మెరిసే లోహపు ఎర) మెరుపు చేపకి కనపడదు. ఆ తర్వాత వానలు, విరిగిపడే కొండలు. అందుకని సెప్టెంబర్ చివర్నుంచి అక్టోబర్ నడుమ దాకా మాకు కుదిరే కాలం. నీళ్లు తేటపడతాయి, కనుమ ఇంకా తెరిచే ఉంటుంది. కొక్కెం ముల్లును ప్లయర్‌తో నొక్కేస్తే చేపని నీళ్లలో ఉంచే విడిపించొచ్చు. చేతులు ముందు తడుపుకోవాలి, పొడిచేతికి దాని జిగురుపొర ఊడొస్తుంది. వేగంగా పారే చోట కాదు, పెద్ద రాయి వెనక నీరు నెమ్మదించే చోట వేయండి. సూటిగా ఎదురు వేస్తే స్పిన్నర్ రాళ్లలో ఇరుక్కుంటుంది, కాస్త ఎగువకి వేసి ప్రవాహంతో పాటు రానివ్వాలి. ఎండెక్కాక కాలయాపనే.

వంట విషయంలో రెండే మాటలు. మూడువేల మీటర్ల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి, చిన్న కుక్కర్ లేకపోతే అన్నం పలుకు పోదు. స్టవ్‌కి పెట్టే ఉత్త బ్యూటేన్ గ్యాస్ క్యాన్లు సున్నా దగ్గర ఆవిరవ్వవు, పొద్దున్నే కాఫీకి ముఖం చాటేస్తాయి. ప్రొపేన్ కలిసినవి తెచ్చుకోండి. కనుమ మీద మొదటి రాత్రి పడుకోకండి, రోహ్రూలో ఒక రాత్రి ఉండి ఎక్కండి, తలనొప్పి తగ్గుతుంది.

ఫోన్ సిగ్నల్ ఉండదు. 446 మెగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి వాకీటాకీలకు మనదేశంలో లైసెన్స్ అక్కర్లేదు, బండికొకటి చాలు. శాటిలైట్ మెసెంజర్ ఎవరో అమెరికా నుంచి తెస్తానంటారు, అనుమతి లేకుండా అది దగ్గరుంటే పోలీసు కేసు. అందుకే ఎప్పటికి తిరిగొస్తామో కింద హోటల్‌వాడికి రాసిచ్చి ఎక్కుతాం.

ఇక థారా, జిమ్నీయా అనే గొడవ. డీజిల్ థార్‌కి టర్బో ఉంది, ఎత్తు దాన్ని అంతగా బాధించదు. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగుతుందని కంపెనీ చెబుతుంది, వెనక ఇరుసుకి రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే లాకింగ్ డిఫరెన్షియల్ కూడా ఉంది. నీళ్లు, స్టవ్, గ్యాస్, ఆవకాయ జాడీ దానిలోకే పోతాయి. మేం వరసలో వెళ్లేటప్పుడు జిమ్నీలు ముందు, థార్ వెనక. ముందున్నవాళ్లు ఇరుక్కుంటే లాగడానికి బరువైన బండి వెనకుండాలి. పెట్రోల్ మాత్రం రోహ్రూలో నిండుగా పోయించుకోండి, క్యాన్‌లో పోయమంటే చాలా బంకులు ఒప్పుకోవు, 4ఎల్‌లో మైలేజీ హైవే లెక్కలో సగానికి వస్తుంది.