‘అయిపోయింది’ అనే హోటలా, ‘అన్నీ ఉన్నాయి’ అనే హోటలా?

“నెల్లూరులో ఆ పాత హోటలు మళ్లీ తెరిచారట కదా, బాగుందా? లేక బైపాసు వైపు కొత్తగా పెట్టినదానికే వెళ్లాలా?” ఏడాదిగా ఈ ప్రశ్న అడగని బంధువు లేడు. పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు అడుగుతారు. రొట్టెల పండుగకు వచ్చి దర్గామిట్టలో దిగిన స్నేహితులు అడుగుతారు. చెన్నై నుంచి వచ్చే మా బావ అయితే రైలు గూడూరు దాటకముందే ఫోను చేస్తాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

పేర్లు రాయను. ట్రంకు రోడ్డు నుంచి రెండు మలుపులు లోపలికి వెళితే మేడ మీద ఉండే హోటలంటే ఊరివాళ్లకు అర్థమవుతుంది. మా చిన్నతనంలో అది ‘పెద్ద హోటలు’. పరీక్ష పాసైతేనో, పెళ్లిచూపులు కుదిరితేనో తప్ప దాని మెట్లెక్కేవాళ్లం కాదు. చాలాకాలం మూతపడి ఉండి, పాత యజమాని మనవడి చేతిలో మళ్లీ తెరుచుకుంది. టేకు కుర్చీలు అవే, పాలిష్ కొత్తది. చేతులు కడుక్కునే చోట పాదరసం వదిలేసిన నిలువుటద్దాన్ని అలాగే ఉంచారు. ఫ్యామిలీ రూముల తెరలు మాత్రం పోయాయి. వాటి వెనక ఎవరున్నారోనని తొంగి చూసి దెబ్బలు తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంది.

బైపాసు వైపు హోటలు గురించి వర్ణించేదేమీ లేదు. అద్దాలు, లిఫ్టు, కింద విశాలమైన పార్కింగు, పదో తరగతి గైడంత మెనూ. ఇలాంటిది ఒంగోలులోనూ ఉంటుంది, కావలిలోనూ ఉంటుంది. అలాగని తీసిపారేయను. పాత హోటలుకు కారులో వెళితే ఎక్కడో ఆపి అయిదు నిమిషాలు నడవాలి. పైగా మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ మధ్యలో రెండుసార్లు ఆగింది. చిన్నపిల్లలుంటే కొత్తదే సుఖం. వాళ్లు నూడుల్స్ అడుగుతారు, అక్కడ దొరుకుతాయి, గొడవ లేదు.

కానీ నా దృష్టిలో తేల్చే విషయం ఇవేవీ కావు. హోటలువాళ్లు ‘లేదు’ అని చెప్పగలరా లేదా అన్నదే.

మే నెలలో ఒకే వారంలో రెండు చోట్లా తిన్నాం. మొదట కొత్తదానికి వెళ్లాం. వంజరం వేపుడు, బొమ్మిడాయిల పులుసు, రొయ్యలు, మటన్, పిల్లలకు నూడుల్స్ చెప్పాం. రాసుకునే కుర్రవాడు దేనికీ తల అడ్డంగా ఊపలేదు. “అన్నీ ఉన్నాయి సార్.” పావుగంటలో అన్నీ వచ్చేశాయి కూడా. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. ఆ రోజుల్లో మైపాడు వెళ్లి చూస్తే బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, జాలరులు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. అలాంటప్పుడు ప్లేటు ప్లేటుకూ ఒకే మందాన కోసిన వంజరం ముక్క ఎక్కడిది? ఐసుపెట్టెలోది, లేదా దూరం నుంచి వచ్చింది. ఐసులో పెట్టిన చేప తినకూడదని నేను అనడం లేదు. వేపుడులో కారం, అల్లంవెల్లుల్లి, నూనె కలిసి దాని వయసును కప్పేస్తాయి. పులుసులో మాత్రం దాగదు. ముక్క అంచులు పీచుగా విడిపోతాయి, లోపలికి పులుపు ఎక్కదు. ఆ రోజు పులుసు ఎర్రగా, చూడముచ్చటగానే ఉంది. ముక్క మాత్రం పులుసుతో తనకేమీ సంబంధం లేనట్టు ఉంది.

మూడు రోజులకు పాతదానికి వెళ్లాం. తలపండిన సప్లయరు నీళ్ల గ్లాసులు పెట్టి, మెనూ ఇవ్వకుండానే చెప్పాడు: “ఈ రోజు కొర్రమీను ఒక్కటే సార్. వంజరం లేదు, సముద్రం బంద్. బొమ్మిడాయిలు పొద్దున కొంచెమే వచ్చాయి, అయిపోయాయి.” మా బావ మొహం చూడాలి. చెన్నై నుంచి వచ్చింది బొమ్మిడాయిల కోసం! నాకు మాత్రం కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాలనిపించింది. నిన్న మిగిలింది ఇవాళ వేడిచేసి పెట్టే చోట ఆ మాట వినపడదు.

కొర్రమీను చెప్పడంలో ఒక తెలివి ఉంది. నీళ్లలోంచి తీసినా కొంతసేపు గాలి పీల్చుకుని బతకగల చేప అది. అందుకే బజారులో తొట్టెలో కదులుతుండగానే అమ్ముతారు. చెరువు చేప కాబట్టి సముద్రం మూసుకున్నా దానికి ఇబ్బంది లేదు. పైగా వేట నిషేధం ఉండే రోజులే పచ్చిమామిడి రోజులు. చింతపండు ఒక పాలు తగ్గించి, ఆ మేరకు మామిడి ముక్కలు వేసి పెట్టే పులుసు మన నెల్లూరు సొంతం. చింతపులుపు ముందు నాలుకను తాకుతుంది, మామిడి పులుపు మింగాక వస్తుంది. ఇక్కడి పులుసులో ఆ రెండూ విడివిడిగా తెలిశాయి. మామిడి ముక్క కరగలేదు, అలాగని గట్టిగానూ లేదు. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా, గిన్నె రెండు వైపులా పట్టుకుని ఊపినట్టున్నారు, ఒక్కటీ చితకలేదు. మెంతులు కాస్త ఎక్కువ పడ్డాయని అమ్మ అంది. ఆమె వంటగదిలో మెంతులు ఎప్పుడూ తక్కువే పడతాయి కాబట్టి ఆ తీర్పును నేను లెక్కలోకి తీసుకోలేదు.

పులుసు మరునాటికి ఇంకా బాగుంటుందనే మాట నిజమే. పులుపూ ఉప్పూ ముక్కలోకి దిగడానికి సమయం కావాలి. పాత హోటలువాళ్లు పొద్దున పెట్టి మధ్యాహ్నం వడ్డిస్తున్నారు, ఒక రాత్రి ఊరనివ్వడం లేదు. ‘ఈ పూట వండింది ఈ పూటకే’ అన్న పట్టుదలకు ఇదొక మూల్యం. ఆ విషయంలో ఇంట్లో రాత్రి పెట్టి పొద్దున ఇడ్లీలో తినే పులుసుదే పైచేయి.

పొగడ్తలు ఎక్కువవుతున్నాయి కాబట్టి ఒక దెప్పు కూడా. గోడ మీద ‘మొలగొలుకుల అన్నం’ అని పాత అక్షరాలతో బోర్డు పెట్టారు. వడ్డించింది మాత్రం అది కాదు. మొలగొలుకులు పండటానికి చాలాకాలం పట్టే పాత రకం. ఆ పేరుతో నెల్లూరు బియ్యానికి గిరాకీ వచ్చింది గానీ, త్వరగా చేతికొచ్చే రకాలు వచ్చాక రైతులు దాన్ని దాదాపు వదిలేశారు. మన వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే వచ్చిన ఎన్ఎల్ఆర్ 34449, అంటే నెల్లూరు మసూరి, ఈ రోజు చాలా ఇళ్లలో ఉడికే అన్నం. మంచి బియ్యమే. ఆ పేరే రాసుకోవచ్చు కదా! వంజరం లేదని ధైర్యంగా చెప్పే హోటలు బియ్యం దగ్గర తడబడటం నాకు నచ్చలేదు.

బిల్లు సంగతి. పాతదానిలో పులుసు ధర కొత్తదానికంటే కాస్త ఎక్కువే. అయితే కొత్తదానిలో వస్తువులు ఎక్కువ చెప్పిస్తారు కాబట్టి చివరికి మొత్తం అక్కడే పెరిగింది. దానికి తోడు కింద సర్వీసు చార్జీ అని ఒక గీత. హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాముగా కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అడిగితే తీసేశారు, గొడవేమీ పడలేదు. అడగకపోతే ఉండేది. మామూలు హోటలులో కట్టాల్సిన జీఎస్టీ 5 శాతమే, అది తప్పదు.

మెస్సుల గురించి కూడా అడుగుతారు. పప్పు, వేపుడు, గట్టి పెరుగుతో కడుపు నిండాలంటే మెస్సే. పక్కవాడు లేవడం కోసం నిలబడి ఎదురుచూడగలిగితే వెళ్లండి, పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. ఇంటికి తెప్పించుకోవడం అంటారా, పులుసును ప్లాస్టిక్ డబ్బాలో స్కూటరు మీద ఊపుకుంటూ తేవడం నాకు ఇష్టం ఉండదు. బిర్యానీకైతే పరవాలేదు.

కాబట్టి పదిమందితో, పిల్లలతో, తలో కోరికతో వెళ్లేవాళ్లు కొత్తదానికి వెళ్లండి, తిట్టుకోరు. ఇద్దరు ముగ్గురు కలిసి పులుసు కోసమే వెళుతుంటే మెట్లెక్కండి. ఒంటిగంట దాటాక మాత్రం వద్దు, అప్పటికి సప్లయరు చెప్పే జాబితాలో పప్పుచారు, గుడ్డు వేపుడు మిగులుతాయి. ఆదివారమైతే పన్నెండుకే ఉండాలి. తిన్నాక మలై కాజా అక్కడే చెప్పకండి, వాళ్లు చేసేది కాదు, బయట నుంచి తెప్పిస్తారు. కిందికి దిగి ఏ మిఠాయి దుకాణంలోనైనా కొనుక్కోండి.

మా బావ వచ్చే గురువారం మళ్లీ వస్తున్నాడు. బొమ్మిడాయిలు ఒక ప్లేటు పక్కన పెట్టమని పాత హోటలుకు ఫోను చేశాను. “అలా పెట్టం సార్, పొద్దున వస్తే ఉంటాయి, లేకపోతే లేదు” అన్నారు. రైలు పదకొండున్నరకు. ఆలస్యం కాకుండా ఉంటే చాలు.