గర్భిణిలో దాగిన మలేరియా: స్లైడ్, కిట్, పీసీఆర్, బయోమార్కర్లలో ఏది మేలు?

పాడేరు వైపు నుంచి విశాఖ కేజీహెచ్‌కు వచ్చిన గర్భిణికి రక్తం తక్కువగా ఉందంటే, ఐరన్ మాత్రలు మింగలేదేమో అనుకుంటారు. జ్వరం లేకపోతే మలేరియా ఊసే రాదు. మన్యంలో చలిజ్వరానికి కొంత అలవాటుపడిన ఒంట్లో జ్వరం రాకుండానే అది ఉండిపోవచ్చు. పైగా ఫాల్సిపారం అనే రకం మలేరియా క్రిమి సోకిన ఎర్రకణాలు మాయలో (కడుపులో బిడ్డను పోషించే ప్లాసెంటాలో) అతుక్కుపోతాయి. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలో దొరక్కపోవచ్చు. ఈలోగా తల్లికి రక్తహీనత, బిడ్డకు బరువు తక్కువ.

స్లైడ్, అంటే రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష, చవక. ఏ రకం క్రిమో, ఎన్ని ఉన్నాయో చెబుతుంది. కానీ మామూలు ల్యాబ్‌లో మైక్రోలీటరుకు 50 నుంచి 100 క్రిములైనా ఉంటేనే కంటపడతాయి. పొద్దున్నుంచీ మైక్రోస్కోప్ మీద వంగి ఉన్న టెక్నీషియన్‌కు సాయంత్రానికి అవీ కనిపించకపోవచ్చు, తప్పుపట్టలేం.

ఆశ కార్యకర్త దగ్గరుండే కిట్‌తో పని ఇంటి అరుగు మీదే అయిపోతుంది. చుక్క రక్తం, దాని మీద ద్రావణం, 15–20 నిమిషాల్లో గీత. ఫాల్సిపారానికి అది పట్టేది హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ను. మాయలో దాగిన క్రిములు వదిలిన ప్రోటీన్ కూడా రక్తంలో తిరుగుతుంది కాబట్టి, స్లైడ్‌కు చిక్కనిది ఒక్కోసారి దీనికి చిక్కుతుంది. చిక్కల్లా ఏమిటంటే, మందు వాడి తగ్గాక కూడా వారాల తరబడి గీత పడుతూనే ఉంటుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే లేని క్రిమి అయితే గీత రాకపోవచ్చు.

పీసీఆర్, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే ల్యాబ్ పరీక్ష, మైక్రోలీటరుకు ఒక్క క్రిమి ఉన్నా పట్టగలదు. అయితే శాంపిల్ ఘాట్ రోడ్డు దిగి రావాలి, రిపోర్టు మళ్లీ ఎక్కాలి.

బయోమార్కర్ల (ఒంట్లో మార్పును తెలిపే రక్తంలోని పదార్థాల) దారి వేరు. అవి క్రిమిని వెతకవు, క్రిమి వల్ల మాయలో రేగిన గొడవను కొలుస్తాయి. ఐఎల్-10, సీఎక్స్‌సీఎల్10, ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 లాంటి ప్రోటీన్లను ఇందుకే పరిశీలిస్తున్నారు. మాయ దెబ్బతింటోందా అన్నది మిగతా మూడూ చెప్పలేవు, అదే వీటి విలువ. కానీ పొగ కనిపించినంత మాత్రాన ఇల్లు తగలబడుతోందనలేం కదా! ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 గర్భిణులకు వచ్చే బీపీ జబ్బులోనూ పెరుగుతుంది. సీఆర్‌పీ అనే మరో ప్రోటీన్ అయితే ఏ ఇన్‌ఫెక్షన్‌కైనా లేస్తుంది. అది ఎక్కువొచ్చిందని మలేరియా అనుకుని టెన్షన్ పడక్కర్లేదు.

ఇవాళ్టికి నా ఓటు కిట్, స్లైడ్ రెండూ కలిపి చేయడానికే. రెండూ నెగటివ్ వచ్చినా రక్తం పెరగకపోతే, బిడ్డ ఎదుగుదల తగ్గితే, ఏజెన్సీలో ఉంటున్నామని డాక్టరుకు చెప్పి పీసీఆర్ సంగతి అడగాలి. బయోమార్కర్లు ఇంకా పరిశోధకుల చేతిలోనే ఉన్నాయి. హెచ్‌ఆర్‌పీ2 గీత పక్కనే మాయ దెబ్బను చూపే గీత కూడా వేసే కిట్ వస్తే, అప్పుడు నా ఓటు మారుతుంది.