రాక్‌బాక్స్ వేసిన పాత ఐపాడ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ ఐపాడ్‌ను నాలుగేళ్లలో ఐదుసార్లు విప్పాను. అందులో రెండుసార్లు తప్పు నాదే.

ఇది ఆపిల్ వాళ్ల పాటల ప్లేయర్, 30 జీబీ ఐపాడ్ వీడియో. ఆపిల్ సాఫ్ట్‌వేర్‌కు బదులు ఇందులో రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. 2006లో అక్క అమెరికా నుంచి వస్తూ తెచ్చింది. చాలా ఏళ్లు అల్మరాలో పడి ఉంది. నలభై దాటాక బుద్ధి పుట్టి సంగీతం క్లాసులో చేరినప్పుడు మళ్లీ బయటికి తీశాను. ఫోన్ పెట్టుకుని సాధన చేయడం నాకు కుదరలేదు. సరిగ్గా సంగతి పట్టుబడుతోంది అనుకునే వేళకి లోన్ కావాలా అంటూ కాల్ వస్తుంది. వట్టిగా పాటలు వినడానికైతే ఇంత తంటా ఎవరికీ అక్కర్లేదు.

విప్పడం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే చాలా ఐపాడ్‌లు అక్కడే పోతాయి. వెనక స్టీలు డొప్ప మరలతో కాదు, లోపలి క్లిప్పులతో పట్టి ఉంటుంది. గిటార్ వాయించే ప్లాస్టిక్ పిక్ సందులో పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోతే టప్ టప్‌మని ఊడుతుంది. ఊడగానే లాగకండి. డొప్పకీ బోర్డుకీ మధ్య రెండు సన్నటి పట్టీలు ఉంటాయి. ఒకటి బ్యాటరీది, రెండోది ఇయర్‌ఫోన్ జాక్‌ది, బటన్లకు తాళం వేసే హోల్డ్ స్విచ్‌ది. బ్యాటరీ పట్టీని పట్టి ఉంచే గోధుమరంగు గొళ్లెం బియ్యపు గింజంత కూడా ఉండదు. దాన్ని గోటితో పైకి లేపాలి. నేను పక్కకి లాగాను, విరిగింది. చిన్న టేపు ముక్క మడిచి అదిమి పెట్టాను. అలాగే నడుస్తోంది.

లోపలి హార్డ్ డిస్క్ అప్పటికే టిక్కు టిక్కుమంటోంది. దాని చోట ఎస్‌డీ కార్డు పట్టే అడాప్టర్ వేసి, 128 జీబీ కార్డు పెట్టాను. మొదట కొన్న కార్డు నకిలీది. పైన 128 అని రాసి ఉంది, లోపల నాలుగో వంతు కూడా లేదు. అదృష్టం కొద్దీ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చూశాను కాబట్టి బయటపడింది. గంటల కొద్దీ పడుతుంది, అయినా ఆ పని మానకండి. తర్వాత విండోస్‌లో ఐట్యూన్స్ పెట్టి రీస్టోర్ చేస్తే కార్డు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో తయారవుతుంది. మ్యాక్‌లో రీస్టోర్ చేసిన దాని మీద రాక్‌బాక్స్ ఎక్కదు. రాక్‌బాక్స్ యుటిలిటీ అనే ప్రోగ్రామ్ మిగతా పని ఐదు నిమిషాల్లో చేసేస్తుంది. పాత సాఫ్ట్‌వేర్ ఎక్కడికీ పోదు. ఆన్ అవుతుండగా హోల్డ్ స్విచ్ జరిపితే అదే వస్తుంది.

రాక్‌బాక్స్‌ను 2001లో స్వీడన్ వాళ్లు ఆర్కోస్ కంపెనీ ఎంపీ3 ప్లేయర్ కోసం మొదలుపెట్టారు. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే ప్రోగ్రామ్ రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్ కూడా వాళ్లలో ఒకరు. ఆపిల్ ఐపాడ్ క్లాసిక్ అమ్మకం 2014లోనే ఆపేసింది. జీతం లేకుండా రాసేవాళ్లు మాత్రం 2025లో 4.0 వెర్షన్ ఇచ్చారు, అది నా ఐపాడ్‌లో నడుస్తోంది.

నన్ను దీనికి కట్టిపడేసింది శ్రుతీ వేగమూ మార్చుకునే పిచ్ స్క్రీన్. మా మాస్టారిది రెండు శ్రుతి, నాది ఒకటి. ఆయన క్లాసు రికార్డింగ్‌తో కలిసి పాడితే పై షడ్జమం దగ్గర నా గొంతు చిరిగిపోతుంది. పాట నడుస్తుండగా నడిమి బటన్ నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో పిచ్‌లోకి వెళ్లి రెండు సెమిటోన్లు, అంటే రెండు అర మెట్లు, దించుతాను. మాస్టారు నా శ్రుతిలోకి దిగి వస్తారు. ముందుగా సౌండ్ సెట్టింగ్స్‌లో టైమ్‌స్ట్రెచ్ ఆన్ చేసి ఐపాడ్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే, శ్రుతి కదలకుండా వేగం తగ్గించుకోవచ్చు. 80 శాతం దాకా గొంతు సహజంగానే ఉంటుంది. 70కి దిగితే బావిలోంచి పాడుతున్నట్టు ఉంటుంది, గమకం మాత్రం విడివిడిగా తెలుస్తుంది. తోడి రాగంలో గాంధారం ఎంత ఊగుతుందో నాకు అలాగే అర్థమైంది. బుక్‌మార్క్ పెడితే ఆపిన చోటుతో పాటు వేగం, శ్రుతి కూడా గుర్తుంటాయి. మెట్రొనోమ్ కూడా ఉంది గానీ, తాళానికి చెయ్యే నయం.

పాటల్ని రాగం వారీగా పేర్చుకోవడానికి ట్యాగ్‌నావీ అనే టెక్స్ట్ ఫైలు ఉంది. పాటల వివరాలు రాసే ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్‌లో గ్రూపింగ్ గడిలో రాగం పేరు రాసి, ఆ ఫైలులో ఒక వరుస కలిపితే ‘రాగాలు’ అనే కొత్త మెనూ తయారవుతుంది. కాకపోతే నేను తోడిని కొన్ని పాటలకు టీ తర్వాత హెచ్‌తో, కొన్నిటికి హెచ్ లేకుండా రాశాను. మెనూలో రెండు తోడులు కనిపించాయి. సరిచేయడానికి ఒక ఆదివారం పట్టింది.

పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎందుకంటారా? తెలుగు అక్షరాలున్న ఫాంట్ తయారుచేసి వేసి చూశాను. అక్షరాలు వచ్చాయి గానీ వత్తులు కలవవు. ‘కృష్ణ’లో షకారం ఒక చోట, ణకారం ఒక చోట నిలబడతాయి. వినేవాడికి ఇబ్బంది లేదు, చదివేవాడికి చిరాకు. నాలుగేళ్లలో నా పెద్ద ఫిర్యాదు ఇదే.

రెండోది బ్యాటరీ. డిస్క్ తీశాక చోటు మిగిలింది కదా అని ఆశపడి, పేరూ ఊరూ లేని పెద్ద బ్యాటరీ వేశాను. ఏడాది తిరిగేసరికి స్క్రీన్ మీద మధ్యలో పసుపు మచ్చలాంటిది కనిపించింది. విప్పి చూస్తే బ్యాటరీ అప్పడంలా ఉబ్బి స్క్రీన్‌ను వెనక నుంచి నొక్కుతోంది. ఇప్పుడు మామూలు సైజుదే వేశాను. వారానికి రెండుసార్లు చార్జింగ్ పెడుతున్నాను, రాత్రి నిశ్చింతగా పడుకుంటున్నాను.

కొత్తగా కొనాలనుకుంటే ఐపాడ్ వీడియోలోనే 60 జీబీదో 80 జీబీదో వెతకండి. వాటిలో ర్యామ్ 64 ఎంబీ, నాదానికి రెట్టింపు. వెనక డొప్ప కూడా మందం, బ్యాటరీకి చోటుంటుంది. డబ్బులిచ్చే ముందు హోల్డ్ స్విచ్ అటూ ఇటూ జరిపి, జాక్‌లో ఇయర్‌ఫోన్ పెట్టి తిప్పి చూడండి. రెండూ ఒకే పట్టీ మీద ఉంటాయి, ఏది పోయినా పట్టీ మొత్తం మార్చాల్సిందే.