ఒంగోలు నుంచి చెన్నైకి: అమ్మ మోకాళ్లు, ఒక స్టీలు కడ్డీ

ఐదేళ్లుగా మూడు నెలలకోసారి అమ్మను కంటి ఆసుపత్రికి చెన్నై తీసుకెళ్తున్నాను. పోను సుమారు మూడు వందల కిలోమీటర్లు. రోడ్డు సంగతి, టోళ్ల సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను. ఇడ్లీ ఎక్కడ బాగుంటుందో కూడా నన్నడక్కండి. అమ్మకు షుగరు, పైగా బీపీకి నీళ్ల మాత్ర, అంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వచ్చే మందు. మోకాళ్లు వంగవు. అందుకే ఎక్కడ ఆగినా నేను చూసేది వెస్ట్రన్ కమోడ్ ఉందా, తలుపుకు గడియ పడుతుందా అనే.

గూడూరు దాటాక ఒక పెద్ద ఫుడ్ ప్లాజా ఉంది. మొదటిసారి ఆగినప్పుడు అమ్మ బయటికొచ్చి, "పట్టుకుని లేవడానికి గోడకు కడ్డీ పెట్టార్రా!" అంది, కొత్త నగ చూసొచ్చినట్టు. ఆ రోజు నుంచి చుట్టాలందరికీ అక్కడే ఆగమని చెబుతూ వచ్చాను.

అసలు కష్టం అక్కడిదాకా చేరడమే. పోయిన కార్తీకంలో మూడింటికే బయల్దేరాం. నెల్లూరు ఇంకా రాలేదు, అమ్మ "ఎక్కడో ఒకచోట ఆపు" అంది. టోల్ గేటు పక్కన టాయిలెట్లకు తాళం. వెనక హారన్లు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేయకముందు క్యూలో ఎలాగూ నిలబడేవాళ్లం, దోసకాయలు అమ్మే ఆవిడనో ఎవరినో అడిగేవాళ్లం. ఇప్పుడు అడగడానికి కూడా టైముండదు. కాస్త ముందుకెళ్తే హోటలు. "టిఫిన్ చేసేవాళ్లకే సార్" అన్నాడు. అక్కడ పొయ్యే వెలిగించలేదు.

చివరికి ఒక పెట్రోలు బంకు. ముసుగు తన్ని పడుకున్న కుర్రాడు లేచాడు. ప్లాస్టిక్ పైపు ముక్కకు కట్టిన తాళంచెవి తీసుకుని, "ఉండు పెద్దమ్మా, లోపల లైటు పోయింది" అంటూ బకెట్‌తో నీళ్లు తెచ్చి పెట్టాడు. ఇండియన్ టాయిలెట్. మా ఆవిడ నోట్లో ఫోన్ లైటు పట్టుకుని, భుజాలు అమ్మకిచ్చి నిలబడింది. ఆ మొహమాటానికి పెట్రోలు కొట్టించబోతే, "వచ్చేటప్పుడు చూద్దాంలే అన్నా" అని మళ్లీ ముసుగేశాడు. పెట్రోలు కొట్టించకపోయినా బంకుల్లో టాయిలెట్, తాగునీరు, గాలి ఉచితంగానే ఇవ్వాలని తర్వాత తెలిసింది. ఆ పిల్లాడికి ఆ రూలు తెలుసో లేదో మరి.

ఫుడ్ ప్లాజా దగ్గరికొస్తే, మునుపటంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. శుభ్రం చేసే ఆవిడ ఆరింటికి గానీ రాదు. అంతకుముందు వెళ్తే నేలంతా తడి. కడ్డీకి ఒక స్క్రూ ఊడింది, పట్టుకుంటే ఊగుతుందట. అయినా అక్కడే ఆగుతున్నాం. నాలుగున్నరకు బయల్దేరితే సరిపోతోంది. మాకు అపాయింట్‌మెంట్ పదకొండున్నరకు కాబట్టి కుదిరింది. ఒంటరిగా పోయే కుర్రాళ్లకు ఈ గొడవంతా అక్కర్లేదు.

పోయిన నెల డాష్‌బోర్డులో స్క్రూడ్రైవరు, రెండు స్క్రూలు పెట్టుకున్నాను. ఆడవాళ్ల వైపు కాబట్టి మా ఆవిడే బిగించాలి. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.