లాడ్జిలో ఆస్టరిస్క్: ఆ 32 సెకన్ల గోల

తిరుపతి బస్టాండు దగ్గర మా లాడ్జిలో ఆస్టరిస్క్ (కంప్యూటర్‌నే టెలిఫోన్ ఎక్స్ఛేంజీగా మార్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఏళ్లయింది. ఎక్స్‌టెన్షన్లు, ఐవీఆర్ (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు), రికార్డింగు అన్నిచోట్లా ఉండేవే, వాటి గురించి రాయను. నాకు ప్రాణంగా నచ్చింది ఒక్కటే, కాల్ ఎక్కడ చచ్చిందో కళ్లారా చూడొచ్చు. సర్వర్‌లో ఎస్ఎన్‌గ్రెప్ అని చిన్న ప్రోగ్రామ్ వేసుకుంటే ఒక్కో కాల్‌కు అటూ ఇటూ పోయే మెసేజ్‌లన్నీ బాణం గుర్తులతో వరసగా కనిపిస్తాయి. పాత పీబీఎక్స్ (లోపలి ఫోన్లను కలిపే పెట్టె) ఉన్నప్పుడు మెకానిక్ వచ్చి మూత తీసేదాకా అందరం దాని మొహం చూస్తూ కూర్చునేవాళ్లం.

దీని విలువ బ్రహ్మోత్సవాల ముందు తెలిసింది. ఇంటర్నెట్ వాళ్లు పాత రూటర్ తీసి కొత్తది బిగించిపోయారు, అంతే, బయటినుంచి వచ్చే కాల్స్ తెగిపోవడం మొదలు. వేలూరు నుంచో చెన్నై నుంచో ఎవరో చేసి "రూమ్ ఇరుక్కా" అంటారు, రిసెప్షన్ అబ్బాయి ఏసీ, నాన్ ఏసీ అని చెప్పుకొచ్చి సరిగ్గా రేటు దగ్గరికొచ్చేసరికి కట్. మనమే ఫోన్ పెట్టేశామనుకుని వాళ్లు పక్క లాడ్జికి చేసుకుంటారు. గదుల మధ్య ఇంటర్‌కామ్ మాత్రం నిక్షేపంగా ఉంది. ట్రంక్ (ఇంటర్నెట్ మీద వచ్చే బయటి ఫోన్ లైను) ఇచ్చిన కంపెనీని అడిగితే "మా సైడ్ అంతా క్లియర్ సార్". సీజన్ ముందు ఇదేం టెన్షన్!

ఎస్ఎన్‌గ్రెప్ తెరిచాం. ఇన్వైట్ (కాల్ చేస్తున్నామనే మెసేజ్) వచ్చింది, మనం 180 రింగింగ్ పంపాం, ఫోన్ ఎత్తగానే 200 ఓకే (ఎత్తామనే జవాబు) పంపాం. దానికి అవతలినుంచి యాక్ (అందిందనే మెసేజ్) రావాలి, రాలేదు. మన సర్వర్ అదే 200 ఓకేను అర సెకను, ఒకటి, రెండు, నాలుగు సెకన్లు అంటూ ఎడం పెంచుకుంటూ మళ్లీ మళ్లీ పంపి, 32 సెకన్లకు విసిగిపోయి తనే బై (కాల్ ముగించే మెసేజ్) కొట్టేసింది. ఈ మెసేజ్‌ల పద్ధతి పేరు సిప్, దాని నియమాలు రాసిన, 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3261 లెక్క అది, అర సెకనుకు 64 రెట్లు. మాట ఆర్‌టీపీ (గొంతును మోసే పద్ధతి) మీద వేరే దారిలో పోతుంది కాబట్టి అంతసేపూ శుభ్రంగా వినిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఆ స్క్రీన్ ఫోటో తీసి పంపాక గానీ కంపెనీలో ఒక కుర్రాడు తన వైపు ట్రేస్ తీయలేదు. మన మెసేజ్‌లో తిరిగి ఎక్కడికి పంపాలో చెప్పే కాంటాక్ట్ వరుసలో పోర్టు (అడ్రస్‌లో ద్వారం నంబరు లాంటిది) తేడాగా ఉందన్నాడు. కొత్త రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని ఒకటుంది, నాట్ (లోపలి అడ్రస్‌ను బయటి అడ్రస్‌గా మార్చే రూటర్ ఏర్పాటు) దాటిస్తానంటూ మెసేజ్ లోపలి అడ్రస్‌ను తనిష్టమొచ్చినట్టు మార్చేస్తోంది, యాక్ దారి తప్పి ఎటో పోతోంది. ఆ టిక్ తీసేసి, ఆస్టరిస్క్‌లో మన బయటి ఐపీ సరిచూశాక కాల్స్ నిలబడ్డాయి.

ఇదివరకు అడిగినవాళ్లకల్లా ఒకసారి పెట్టేస్తే ఇక చూడక్కర్లేదు అనేవాణ్ని. ఇప్పుడు రూటర్ మార్చనంతకాలం అని కలుపుతున్నా. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ సిప్ మెసేజ్‌లు వచ్చే 5060 పోర్టు ఊరికే తెరిచిపెడితే ఎవరెవరో రాత్రంతా రిజిస్టర్ కావడానికి చూస్తుంటారు, మేం ట్రంక్ వాళ్ల ఐపీకి తప్ప మూసేశాం.

బావమరిది కొడుక్కి లైనక్స్ వచ్చు కాబట్టి మాకు నడిచింది. పది గదులే ఉండి, పిలిస్తే వచ్చేవాళ్లు లేకపోతే మామూలు పీబీఎక్సే చాలేమో. తెల్లవారుజామున కొండకు పోయేవాళ్లను లేపే కాల్స్ మాత్రం దీని మీదే పెట్టాం, ఇంతవరకూ తప్పలేదు, కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఆగితే చెప్పలేను.