బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత సిస్టర్ల సాయం: మూడేళ్లు దాటాక నా రివ్యూ

వైజాగ్‌లో బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుందామనుకునే వాళ్లు నన్ను అడిగే మొదటి మాట "డాక్టరు ఎవరు?", రెండోది "ఎంతయింది?". రామ్‌నగర్ నుంచి ఆరిలోవ హెల్త్ సిటీ దాకా ఆసుపత్రులకు కొదవ లేదు. ఇంటికొచ్చాక మన ఫోను ఎవరు ఎత్తుతారని మాత్రం ఎవరూ అడగరు. నాకు స్లీవ్, అంటే పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్, చేసి మూడేళ్లు దాటింది. డాక్టరు గారి పని ఒక్క పూటలో అయిపోయింది. మిగతాదంతా సిస్టర్ల చేతుల మీదుగా నడిచింది, కొన్నాళ్లకు నడవడం మానేసింది కూడా. ఆ సాయం గురించే ఈ రివ్యూ. ఆసుపత్రి పేరు చెప్పను.

బేరియాట్రిక్ రోగులను చూసుకోవడానికి అక్కడ విడిగా ఒక సిస్టర్ ఉండేవారు. ఆపరేషన్‌కు ముందే కూర్చోబెట్టి గురక పెడతారా, ఏ మందులు వాడుతున్నారు, పసరు మందులూ పొడులూ ఏమైనా మింగుతున్నారా అని అన్నీ రాసుకున్నారు. రెండు వారాల డైట్ దగ్గర నాకు ఆవిడ మీద గురి కుదిరింది. ఆసుపత్రి వాళ్ల అచ్చు కాగితంలో బ్రకోలీ సూపు, ఓట్సు ఉన్నాయి. ఆవిడ వాటిని పెన్నుతో కొట్టేసి మజ్జిగ, పెసరకట్టు, గుడ్డు తెల్లసొన, ఉడికించిన చేప అని రాశారు. ఆ డైట్ ఎందుకో కూడా చెప్పారు. కాలేయం పొట్ట మీదికి వాలి ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బితే కెమెరా ఆపరేషన్‌లో దాన్ని ఎత్తి పట్టుకోవడం కష్టం. అన్నం, తీపి తగ్గిస్తే రెండు వారాల్లో అది కొంత కుంచించుకుంటుంది. కారణం తెలిశాక ఆకలి ఓర్చుకోవడం కాస్త తేలికైంది.

ఇన్సూరెన్స్ సంగతి సిస్టర్ల పరిధి కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో, ఈ ఆపరేషన్‌కు క్లెయిమ్ రావాలంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి వేసే బరువు లెక్క) కనీసం 40, లేదా అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతుండే జబ్బు) లాంటివి ఉంటే 35 ఉండాలని ఉంది. ఆ కాగితాలు కౌంటర్ దగ్గరే తేల్చుకోవాలి.

ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి నడిపించారు. అప్పుడు తిట్టుకున్నాను గానీ, కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా ఉండాలంటే అది తప్పదు. దానికోసమే పొట్ట మీద చేసే ఇంజెక్షన్ ఇంట్లో ఎలా ఇవ్వాలో మా ఆయనకు నేర్పారు, ఆయన చేతులు వణుకుతున్నా వదల్లేదు. డిశ్చార్జి రోజున పర్సులో పెట్టుకోమని ఒక కార్డు ఇచ్చారు. ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి లోపలికి పంపిన గ్యాస్ వల్ల రెండు మూడు రోజులు భుజం లాగడం మామూలే, కానీ నాడి 120 దాటినా, జ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరుగుతున్నా లోపలి కుట్లు లీకై ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకుండా వచ్చేయండి అని దాని మీద తెలుగులో రాసి ఉంది. వాడకూడని నొప్పి మందుల సంగతీ అందులోనే ఉంది.

ఇక అసలు విషయం. మెత్తటి ఆహారం మొదలుపెట్టాక నాకు వాంతులు పట్టుకున్నాయి. అలవాటు పడతావులే అన్నారు ఇంట్లో. సిస్టర్‌కి ఫోన్ చేస్తే, ఎన్ని నిమిషాలు తింటున్నారు, మధ్యలో నీళ్లు తాగుతున్నారా, తిన్నాక అరగంట ఆగుతున్నారా అని వరసగా అడిగారు. అన్నీ చెప్పినట్టే చేస్తున్నానన్నాను. అప్పుడు గొంతు మార్చి, కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయా, చూపు మసకగా ఉందా అని అడిగి, "మేడమ్, ఈ రోజే రండి, రేపు కాదు" అన్నారు. వాంతులు అలా సాగితే ఒంట్లో విటమిన్ బీ1 నిల్వలు కొన్ని వారాల్లోనే అడుగంటుతాయట, నరాలు దెబ్బతింటే కొన్నిసార్లు తిరిగి బాగుపడవట. గ్లూకోజ్ సెలైన్ పెట్టేముందే బీ1 ఇంజెక్షన్ ఇవ్వాలని డ్యూటీ డాక్టర్‌కి చెప్పి ఇప్పించిందీ ఆవిడే. ఆ ఒక్క ఫోన్ కాల్ విలువ మొత్తం బిల్లులో ఏ వరసలోనూ కనబడదు.

మాత్రల విషయంలోనూ అంతే. మందుల షాపులో మామూలు కాల్షియం కార్బొనేట్ ఇచ్చారు. స్లీవ్ తర్వాత పొట్టలో ఆమ్లం తగ్గుతుంది కాబట్టి కాల్షియం సిట్రేట్ అయితేనే ఒంటికి బాగా పడుతుందని సిస్టర్ మార్పించారు. ఐరన్‌కూ కాల్షియానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ టీతో మింగకూడదు. మా ఇంట్లో టీ ఎప్పుడు పెడతారో అడిగి మరీ టైములు వేశారు. బీ12, డి విటమిన్ జీవితాంతం తప్పవని మొదటిరోజే చెప్పేశారు. మూడో నెల దాటాక జుట్టు ఊడుతుందని ముందే అన్నారు. నిజంగానే దువ్వెన నిండా వచ్చింది, మళ్లీ మొలిచింది. నూనెలూ షాంపూలూ అమ్మేవాళ్ల మాట విననందుకు డబ్బు మిగిలింది.

మా అత్తగారిది శ్రీకాకుళం వైపు. కోడలు పిడికెడు తిని లేచిపోతుంటే ఆవిడకు ఎక్కడలేని టెన్షన్. సిస్టర్‌దీ అటువైపే. ఒకరోజు సిస్టర్ ఫోన్ అత్తగారికి ఇమ్మని, "అమ్మా, మీ కోడలి పొట్ట ఇప్పుడు అరటిపండంతే. మీరు వడ్డించిందంతా ఎక్కడ పట్టుద్ది?" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో కొసరి వడ్డించడం ఆగిపోయింది. నేను నెలల తరబడి చెప్పినా కానిది!

ఏడాది దాటాక ఆ సిస్టర్ ఉద్యోగం మారి వెళ్లిపోయారు. వెళ్లినందుకు ఆవిడను ఏమీ అనను. వార్డు డ్యూటీ చేస్తూనే మా అందరి ఫోన్లూ ఎత్తిన మనిషి. తప్పు ఆసుపత్రిది. నా వివరాలన్నీ ఆవిడ నోట్‌బుక్‌లో, ఆవిడ బుర్రలో ఉండిపోయాయి. కొత్తగా వచ్చినావిడ ఏం అడిగినా "డాక్టర్ గారిని అడగండి" అనేవారు. ఆసుపత్రి రోగుల వాట్సాప్ గ్రూపు ప్రొటీన్ పొడి అమ్మకాల అడ్డా అయిపోయింది. రెండో ఏడాది తర్వాత కొంత బరువు తిరిగి రావడం చాలామందికి జరిగేదే, నాకూ వచ్చింది. అసలు మనిషి అండ కావాల్సింది అప్పుడే. ఒక్క ఫోన్ రాలేదు. ఆందోళనలో తినేస్తున్నానని చెప్పుకోవడానికి సైకాలజిస్టు దగ్గరికి పంపాలన్న ఆలోచన ఆ ఆసుపత్రిలో మొదట్నుంచీ లేదు. ఒక ఆదివారం మోకాలి నొప్పికి క్యాజువాలిటీకి వెళితే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ సిద్ధం చేశారు. అలాంటి నొప్పి మందులు పొట్టలో పుండ్లు తెస్తాయని, పారాసిటమాల్ చాలని పర్సులోని పాత కార్డు చూపించి ఆపుకున్నాను.

మొదటి ఏడాదికి ఐదుకు ఐదు ఇస్తాను. ఆ తర్వాతి కాలానికి రెండు, అదీ ఆ కార్డు పుణ్యమే.

ఇప్పుడు ఏడాదికోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు నేనే గుర్తుపెట్టుకుని చేయించుకుంటున్నాను. విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఆపరేషన్ చేయించుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ప్రతిదానికీ బస్సెక్కి రాలేరు, ఫోనే దిక్కు. అడ్వాన్సు కట్టేముందు మూడు సంగతులు అడగండి: సిస్టర్ ఫోన్లు ఎన్నేళ్ల పాటు వస్తాయి, ఆవిడ సెలవులో ఉంటే ఎవరు ఎత్తుతారు, ఆదివారం క్యాజువాలిటీలో మన ఫైలు దొరుకుతుందా. నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాయించుకోండి. డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్సు కాపీ కూడా అడిగి తెచ్చుకోండి. చేసింది స్లీవో, పేగును కూడా దారి మళ్లించే పొట్ట బైపాసో తెలియకుండా వేరే ఊళ్లో ఏ డాక్టరూ సరిగ్గా మందు రాయలేరు.