ఆ "చేతిరాత" ఫాంట్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

ఎవరి గురించో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఫాంట్లు అమ్మే సైట్‌లో వారానికో కొత్త కర్సివ్ ఫాంట్ పెట్టి, ప్రతిదాని కిందా "ఆరు నెలల కష్టం, నిబ్ పెన్నుతో నా చేత్తో రాసింది" అని వేసుకునే మహానుభావుడే. వారానికొకటి వస్తుంటే ఒక్కోదానికి ఆరు నెలలెలా పట్టాయని నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. అంత తెలివి ఉంటే ఈ పోస్ట్ రాసే పని ఉండేది కాదు.

ఫ్రెండ్ పెళ్లి కార్డు నేనే డిజైన్ చేస్తానన్నాను. ఇంగ్లిష్‌లో రెండు పేర్లు, అంతే. వాటికి మంచి వంపుల అక్షరాలు కావాలి. ఈయన ప్రివ్యూ చూశాను. కిందికి దిగే గీత నిండుగా, పైకి లేచే గీత వెంట్రుకంత సన్నగా, పెద్దక్షరాల తోకలు తీగల్లా చుట్టుకుని ఎంత బాగున్నాయో! ఒక డౌట్ అడిగితే రెండు నిమిషాల్లో "తప్పకుండా అండీ, మీకు ఏ ఇబ్బంది వచ్చినా నేనున్నాను" అని జవాబు. డబ్బు కట్టేశాను.

ఫైల్ ఇన్‌స్టాల్ చేసి పేరు టైప్ చేస్తే మధ్యలో తెగిపోయింది. పెళ్లికూతురి పేరులో "వి" ఉంది. కర్సివ్‌లో చాలా అక్షరాలు తమ తోకను అడుగు గీత దగ్గర వదులుతాయి, పక్క అక్షరం అక్కడే అందుకుంటుంది. చిన్న బి, ఓ, వి, డబ్ల్యూ మాత్రం పైన వదులుతాయి. అందుకే శ్రద్ధగా చేసినవాళ్లు వీటి కోసం వేరే రూపాలు గీసి, ఏ అక్షరం పక్కన ఏ రూపం రావాలో చెప్పే సూచనలు (ఓపెన్‌టైప్ రూల్స్ అంటారు) రాసి ఫాంట్‌లోనే పెడతారు. ఇందులో అవి లేవు. "వి" చెయ్యి పైకి చాపి నిలబడింది, పక్కనున్న "వై" ఎక్కడో కింద చూస్తోంది.

ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇలాంటి ఫాంట్లలో అక్షరాల మధ్య దూరం కాస్త పెంచినా అతుకులు ఊడిపోతాయి కదా, అదేమోనని దాన్ని సున్నా చేశాను. పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చే సెట్టింగ్, అదే కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్, ఆన్‌లో ఉందో లేదో చూశాను. సాఫ్ట్‌వేర్ మార్చి చూశాను. రాత్రంతా ఇదే. అప్పుడు మళ్లీ ప్రివ్యూ తీసి చూస్తే తెలిసింది. అందులో ఉన్న మాటలు ఎలిగెంట్, సిగ్నేచర్, గ్రేస్. బి, ఓ, వి, డబ్ల్యూ ఒక్కటి కూడా లేకుండా ఏరుకున్న మాటలు! ఆ ఏరుకోవడంలో మాత్రం నిజంగానే కష్టపడ్డాడు.

మెసేజ్ పెట్టాను, స్క్రీన్‌షాట్‌తో సహా, మర్యాదగానే. జవాబు: "నీకు సాఫ్ట్‌వేర్ వాడటం రాదు."

నీకు. నిన్న సాయంత్రం వరకు "అండీ"నే. డబ్బు అందిన పన్నెండు గంటల్లో "నువ్వు" అయిపోయాను. ఫాంట్ విరిగినందుకన్నా ఆ మాటకే ఎక్కువ మండింది, ఇప్పటికీ మండుతోంది. ఆ కోపంలోనే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిచాను. కాపీరైట్ లైన్‌లో ఈయన పేరు లేదు. ఇంకెవరిదో పేరు, దాని పక్కనే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అని ఉంది. అంటే ఎవరైనా ఉచితంగా దించుకుని, కార్డులకైనా లోగోలకైనా వాడుకోగల ఫాంట్. ఆ లైసెన్స్ ప్రకారం ఫాంట్‌ను విడిగా అమ్మకూడదు కూడా. ఈయన ఫాంట్ పేరు మార్చి సేవ్ చేశాడు, అప్పుడే ఆ ఓపెన్‌టైప్ రూల్స్ ఎగిరిపోయినట్టున్నాయి. అసలుది దించి అదే పేరు టైప్ చేశాను, గొలుసులా కలిసిపోయింది. ఊరికే దొరికే మంచి ఫాంట్‌ను చెడగొట్టి ఇస్తే డబ్బిచ్చి కొన్నానన్నమాట. శభాష్ నాకు.

పేరున్న ఫాంట్ డిజైనర్ మాథ్యూ కార్టర్ 1960ల్లో చేసిన ఫాంట్‌కు స్నెల్ రౌండ్‌హ్యాండ్ అని పేరు. మూడొందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో చేతిరాత నేర్పిన చార్లెస్ స్నెల్ రాత ఆధారంగా చేశారు కాబట్టి ఆయన పేరే పెట్టారు. అంత గొప్పవాళ్లే అప్పు ఒప్పుకుంటారు. మన మహానుభావుడికి "నా చేత్తో" అనడానికి నోరెలా వచ్చిందో.

కాపీరైట్ లైన్ ఫొటో పంపాను. వచ్చిన చివరి జవాబు ఇది: "ఫ్రీగా దొరుకుతుందని అంత తెలిసినప్పుడు ఎందుకు కొన్నావ్?" పక్కన నవ్వే బొమ్మ. తర్వాత బ్లాక్. రీఫండ్ అడిగితే సైట్ వాళ్లు డిజిటల్ సరుకు వెనక్కి తీసుకోబోమని ఒక్క లైన్‌తో తేల్చేశారు.

కొనేవాళ్లు మీ మాటలు టైప్ చేసి చూసే వీలుంటేనే కొనండి, బొమ్మ చూసి కాదు. ఆ నాలుగు అక్షరాలూ కొట్టి చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో గ్రేట్ వైబ్స్, అలెక్స్ బ్రష్ లాంటివి ఉచితంగానే ఉన్నాయి, ముందు అవి చూడండి. కొనేసి ఉంటే ఇప్పుడే డీటెయిల్స్ తెరిచి చూసుకోండి.

ఇది రాస్తుండగానే వేరే అకౌంట్ నుంచి చూశాను. కొత్త ఫాంట్ పెట్టాడు, ఆరు నెలల కష్టమట. ప్రివ్యూలో మళ్లీ ఎలిగెంటే.